శక 944: ఒకే గురువారం, ఎన్నో లెక్కలు

రాజమహేంద్రవరంలో ఎవరిని కదిపినా తూర్పు చాళుక్య రాజు రాజరాజనరేంద్రుడి పట్టాభిషేకం 1022లో జరిగిందనే చెప్తారు. తప్పేం లేదు. కానీ ఆ అంకె రాజు ఎరగడు, రాగిరేకుల మీద అక్షరాలు చెక్కినవాడూ ఎరగడు. గౌతమి ఒడ్డున కోరుమిల్లి పేరుతో ప్రసిద్ధికెక్కిన తామ్రశాసనంలో ఆ రోజు గురించి ఉన్నది ఒక్క సంస్కృత శ్లోకం. అందులో శకవర్షం, సూర్యుడున్న రాశి, పక్షం, తిథి, నక్షత్రం, వారం, లగ్నం, ఇన్నీ ఉన్నాయి: శక 944, సూర్యుడు సింహంలో, బహుళ విదియ, ఉత్తరాభాద్ర, గురువారం, తులా లగ్నం. లెక్క కడితే అది 1022 ఆగస్టు 16. మనం మాత్రం నాలుగంకెలు ఏరుకుని మిగతా ఆరు వివరాలూ అవతల పడేశాం. నా ఫిర్యాదు అక్కడే. ఆ ఆరూ లేకపోతే 1022 అన్న అంకెను నిలబెట్టే ఆధారమే లేదు.

శ్లోకంలో సంవత్సరం అంకెల్లో ఉండదు, మాటల్లో ఉంటుంది. వేదాలు, సముద్రం, నిధులు అనే అర్థం వచ్చే పదాలు వరసగా వస్తాయి. వేదాలు 4, సముద్రాలు 4, నిధులు 9. వీటిని కుడి నుంచి ఎడమకు పేర్చాలి: మొదటి మాట ఒకట్ల స్థానం, రెండోది పదులు, మూడోది వందలు. 944 వస్తుంది. ఈ మెట్టు మీదే చాలామంది కాలు జారుతుంది. వచ్చిన వరసలోనే రాసేస్తే 449 అవుతుంది, అప్పటికి తూర్పు చాళుక్యులే లేరు కాబట్టి ఆ తప్పు వెంటనే బయటపడుతుంది. ప్రమాదకరమైనది ఇంకోటుంది. సముద్రాలు నాలుగన్న లెక్కా ఉంది, ఏడన్న లెక్కా ఉంది. ఏడు తీసుకుంటే శక 974, అంటే 1052. అది చూడ్డానికి అసంభవంగా ఏం కనిపించదు, ఆ కాలంలో ఆయన రాజుగానే ఉన్నాడు. మరి 944 అని ఎలా తేల్చారు? మిగతా ఆరు వివరాల వల్ల.

శకవర్షానికి 78 కలిపితే క్రీస్తుశకం వస్తుందని బళ్ళో నేర్పుతారు. 944కి 78 కలిపితే 1022. ఇక్కడితో ఆగిపోతే ఒక ఏడాది తేడా వచ్చే ప్రమాదం ఉంది. శకవర్షాన్ని రెండు రకాలుగా చెప్పేవారు: గడిచిపోయిన ఏళ్ళ లెక్క ఒకటి, నడుస్తున్న ఏడు ఇంకొకటి. ఒకే పిల్లాణ్ణి ఒకరు ఎనిమిదేళ్ళు నిండాయంటే ఇంకొకరు తొమ్మిదో ఏడంటారు చూడండి, అచ్చంగా ఆ తేడాయే. గడిచిన లెక్కయితే 78 కలపాలి, నడుస్తున్న లెక్కయితే 77. శాసనం ఏ లెక్క వాడిందో చాలాసార్లు చెప్పదు. ఒక వంశం వాళ్ళు ఒకే పద్ధతి పాటించి ఉంటారులే అనుకుంటే, ఈ గోదావరి గట్టునే ఆ ఊహ కూలిపోతుంది.

రాజరాజనరేంద్రుడి మనవడు వీరచోడుడు. వేంగికి ప్రతినిధిగా అతన్ని తండ్రి, చోళరాజు కులోత్తుంగుడు పంపాడు. అతని పట్టాభిషేకం తేదీ చెల్లూరు తామ్రశాసనంలో ఇలా ఉంది: శక 1001 (చంద్రుడు, రెండు సున్నాలు, మళ్ళీ చంద్రుడు, ఎటునుంచి చదివినా అదే), సూర్యుడు సింహంలో, శుద్ధ త్రయోదశి, గురువారం, శ్రవణం, వృశ్చిక లగ్నం. 78 కలిపితే 1079. లెక్క కట్టి చూస్తే 1079లో సింహమాసపు శుద్ధ త్రయోదశి ఆగస్టు 12 ప్రాంతంలో సోమవారం దగ్గర పడుతుంది, గురువారం పొసగదు. ఒక ఏడు వెనక్కి వెళ్తే 1078 ఆగస్టు 23, గురువారం, శుద్ధ త్రయోదశి, చంద్రుడు శ్రవణంలో, అన్నీ కుదురుతాయి. అంటే అక్కడ 1001 నడుస్తున్న ఏడు.

తాతది 944, మనవడిది 1001. తీసేస్తే 57. నిజంగా గడిచింది 56 ఏళ్ళ ఏడు రోజులు. తాతది నిండిన లెక్క, మనవడిది నడుస్తున్న లెక్క కావడం వల్ల వచ్చిన ఒక్క ఏడాది ఇది. రెండింటికీ 78 కలిపేసి పట్టిక తయారుచేసే వాళ్ళ పుస్తకాల్లో ఈ ఏడు నిశ్శబ్దంగా దూరిపోతుంది. అంతకు ముందువాళ్ళవి చూస్తే రెండో అమ్మరాజు శక 867 క్రీ.శ. 945 డిసెంబరు 5 శుక్రవారానికి, రాజరాజు తండ్రి విమలాదిత్యుడి శక 933 క్రీ.శ. 1011 మే 10 గురువారానికి సరిపోతాయి, ఈ రెండూ నిండిన లెక్కే. కాబట్టి ఫలానా వంశానిది ఫలానా పద్ధతి అని సూత్రం రాసుకోవడం కుదరదు. ప్రతి తేదీనీ దానికదే తూచాలి. (తండ్రి, కొడుకు, మునిమనవడు ముగ్గురికీ గురువారమే. ముహూర్తం పెట్టిన వాళ్ళ అభిరుచి ఆ మాత్రం తెలుస్తోంది.)

ఇక 944 లెక్కను మెట్టు మెట్టుగా తూచి చూద్దాం. మొదట వారం. వారాల వరస ఎక్కడా తెగలేదు. రాజులు మారినా, శకాలు మారినా, క్యాలెండర్ల నుంచి రోజులకు రోజులు కొట్టేసినా గురువారం తర్వాత శుక్రవారమే వచ్చింది. అందుకే తేదీ సరిచూడ్డానికి వారమంత గట్టి సాక్షి లేదు. మన సిద్ధాంతులు దీన్ని అహర్గణంతో చేస్తారు. కలియుగం మొదలైన శుక్రవారం నుంచి కావలసిన రోజుదాకా గడిచిన మొత్తం రోజులే అహర్గణం. 1022 ఆగస్టు 16కి అది 15,06,105. ఏడుతో భాగిస్తే శేషం 6. శుక్రవారాన్ని సున్నా అనుకుని ముందుకు లెక్కపెట్టండి: శని ఒకటి, ఆది రెండు, సోమ మూడు, మంగళ నాలుగు, బుధ అయిదు, గురువారం ఆరు. కుదిరింది. ఖగోళశాస్త్రజ్ఞులు వాడే జూలియన్ దినసంఖ్యతో చేసినా అంతే: 20,94,571ని ఏడుతో భాగిస్తే శేషం 3, అక్కడ సున్నా సోమవారం కాబట్టి మూడు గురువారం.

ఒక్క వారంతోనే తృప్తిపడితే మోసపోతాం. ఎక్కడో ఒక తప్పు తేదీ తీసుకున్నా అది గురువారం కావడానికి ఏడింట ఒక వంతు అవకాశం ఎటూ ఉంటుంది. ఒక రోజు అటూ ఇటూ చూసుకుందాం అనే వెసులుబాటు ఇచ్చుకుంటే ఆ అవకాశం ఏడింట మూడు వంతులవుతుంది. శాసనాల తేదీల మీద జరిగిన పాత గొడవల్లో సగం ఈ వెసులుబాటు వల్లే వచ్చాయని నా అనుమానం.

కాబట్టి తిథి, నక్షత్రం. 1022లో సింహ సంక్రమణం జూలై 26 ప్రాంతంలో వచ్చింది. ఇప్పుడది ఆగస్టు 16, 17 తేదీల్లో వస్తోంది. ఆ తేడా ఎందుకో కింద చెప్తాను. ఆగస్టు 16 నాటికి సూర్యుడు సింహంలోకి వచ్చి ఇరవై రోజులు దాటాయి. మేషాది నుంచి కొలిస్తే సుమారు 140 డిగ్రీలు. బహుళ విదియ అంటే చంద్రుడు సూర్యుడికి 192 నుంచి 204 డిగ్రీల ముందుండాలి. కలిపితే చంద్రుడి స్థానం 332 నుంచి 344 డిగ్రీల మధ్య. ఉత్తరాభాద్ర 333 డిగ్రీల 20 కళల నుంచి 346 డిగ్రీల 40 కళల దాకా ఉంటుంది. అంటే తిథి, నక్షత్రం, సూర్యరాశి మూడూ ఒకదానికొకటి సరిపోయాయి. పుట్టించి రాసిన తేదీల్లో సాధారణంగా తప్పు దొరికేది ఇక్కడే, వారం సరిగ్గా పెట్టినవాడు కూడా నక్షత్రం దగ్గర పప్పులో కాలేస్తాడు.

944ను నడుస్తున్న ఏడు అనుకుని 1021లో వెతికితే? సింహమాసపు బహుళ విదియ జూలై 28 దగ్గర పడుతుంది. అప్పుడు సూర్యుడు సింహంలోకి ఇంకా కొత్తగా వచ్చాడు, చంద్రుడు శతభిషం, పూర్వాభాద్ర దాటి రాడు. ఆ తర్వాతి బహుళ విదియ ఆగస్టు 27 దగ్గర, నక్షత్రం కుదరొచ్చు గానీ సూర్యుడు కన్యలోకి వెళ్ళిపోయాడు, వారం ఆదివారం. ఇలా 1021 రెండు దారుల్లోనూ మూసుకుపోతుంది.

మిగిలింది తులా లగ్నం. 140 డిగ్రీల దగ్గర ఉన్న సూర్యుడు ఉదయించాక సింహంలో మిగిలిన పది, కన్య మొత్తం ముప్ఫై, కలిసి నలభై డిగ్రీలు తూర్పున లేవాలి. మన అక్షాంశంలో అందుకు రెండున్నర గంటల పైచిలుకు పడుతుంది. ఆ తర్వాత తుల సుమారు రెండు గంటలు. కిరీటం పెట్టింది పొద్దున ఎనిమిదిన్నర, పదిన్నర మధ్య అన్నమాట. వెయ్యేళ్ళ కిందటి ఒక సంఘటనను రెండు గంటల లోపలికి బిగించిన రికార్డు మన చేతిలో ఉంది, మనం దాన్ని ఏడాదికి సాగదీసి బోర్డు రాసుకున్నాం.

ఇక్కడే ఇంకో పొరపాటు కాచుకుని ఉంది. శాసనం చాంద్రమాసం పేరు చెప్పలేదు, సూర్యుడు సింహంలో ఉన్నాడని మాత్రమే చెప్పింది. సింహమంటే శ్రావణమేగా అని శ్రావణ బహుళ విదియ అని రాసుకోవడం చాలా తేలిక. నియమం ఏమిటంటే, ఏ చాంద్రమాసంలో సూర్యుడు సింహంలోకి అడుగుపెడతాడో అది శ్రావణం, కన్యలోకి అడుగుపెట్టేది భాద్రపదం. 1022లో సింహ సంక్రమణం జూలై 26న అయితే అమావాస్య జూలై 31 ప్రాంతంలోనే వచ్చేసింది. శ్రావణం అక్కడితో సరి. ఆ తర్వాతి మాసంలో, ఆగస్టు 26 దగ్గర, కన్యా సంక్రమణం ఉంది, కాబట్టి అది భాద్రపదం. పట్టాభిషేకం భాద్రపద బహుళ విదియ. శ్రావణ బహుళ విదియ ఒక నెల ముందే, జూలై 17, 18 ప్రాంతంలో వెళ్ళిపోయింది. అప్పుడు సూర్యుడు కర్కాటకంలో, చంద్రుడు ధనిష్ఠ, శతభిషాల్లో ఉన్నారు. మాసం పేరు లేని శాసనంలో మాసాన్ని పట్టిచ్చింది ఉత్తరాభాద్రే.

సూర్యరాశితో తేదీ చెప్పడం చోళుల వియ్యం వల్ల వచ్చిన అరవ అలవాటని అనుకోనక్కర్లేదు. చోళ సంబంధాలు కలవకముందు, రెండో అమ్మరాజు పట్టాభిషేకం కూడా సూర్యుడు ధనుస్సులో ఉండగా అనే చెప్పారు. ఇప్పుడు మన జిల్లాల్లో సౌరమాసం సంక్రాంతికీ ధనుర్మాసానికీ తప్ప గుర్తు రాదు గానీ ఆ రోజుల్లో రెండు కొలతలూ ఒకే శ్లోకంలో పక్కపక్కన నడిచేవి.

సంవత్సరం పేరు శ్లోకంలో లేదు. మనమే కట్టుకోవచ్చు: నిండిన శకవర్షానికి 12 కలిపి 60తో భాగిస్తే మిగిలే శేషం ప్రభవ నుంచి వరస సంఖ్య. 944కి 12 కలిపితే 956, శేషం 56. దుందుభి. సూత్రం మీద నమ్మకం కుదరకపోతే తెలిసిన ఏడుతో సరిచూసుకోండి. 2024-25కి శక 1946, పన్నెండు కలిపితే 1958, శేషం 38, క్రోధి. ఆ ఏటి పంచాంగం అట్ట మీద అదే ఉంటుంది. అయితే ఇది దక్షిణాది సూత్రం. అసలు ఈ అరవై పేర్లు బృహస్పతి చారానికి కట్టినవి. ఆయన ఒక రాశి దాటడానికి సౌరసంవత్సరం కంటే కాస్త తక్కువ పడుతుంది, అందుకని సుమారు 85 ఏళ్ళకోసారి ఒక పేరు దాటవేయాలి. ఉత్తరాదివాళ్ళు దాటవేస్తూనే ఉన్నారు. మనవాళ్ళు పదో శతాబ్దం మొదట్లోనే ఆ పని మానేశారు. ఇప్పుడు వాళ్ళకూ మనకూ పదమూడు, పద్నాలుగు పేర్ల ఎడం వచ్చింది. గోదావరి వాసులకు ఇందులో ఒక చిత్రం కనిపించాలి: పుష్కరాన్ని మాత్రం ఇప్పటికీ నిజమైన గురుడు సింహంలోకి వచ్చినప్పుడే చేస్తున్నాం, 2015 జూలైలో చేసినట్టు. సంవత్సరం పేరు ఆయన్ని వదిలేసి వెయ్యేళ్ళు దాటింది.

అరవైతో వచ్చే చిక్కు కూడా చెప్పాలి. దుందుభి అని ఒక్కటే ఉంటే అది 962 కావచ్చు, 1022 కావచ్చు, 1082 కావచ్చు. రాజు పేరు కూడా లేకపోతే ఆ శాసనాన్ని లిపి చూసి అంచనా వేసుకోవడమే. చైనావాళ్ళదీ అరవై ఏళ్ళ చుట్టే. వాళ్ళకు 1022 అందులో 59వది, మగనీటి కుక్క సంవత్సరం. సోంగ్ వంశపు చక్రవర్తి జెన్‌జోంగ్ ఆ వసంతంలోనే పోయాడు, ఆ ఏటికి ఛియెన్‌శింగ్ మొదటి ఏడని పేరు. జపానులో జియన్ రెండో ఏడు. మన దుందుభీ వాళ్ళ నీటి కుక్కా పదహారు చుట్లు తిరిగి 1982లో మళ్ళీ ఒకేసారి వచ్చాయి.

అదే గురువారం పడమట ఎలా నమోదయింది? హిజ్రీ 413, జమాదిల్ అవ్వల్ 15, నెలవంక కనబడిన చోటును బట్టి ఒక రోజు అటూఇటూ. ఆ ఏడు ఏప్రిల్ 6 ప్రాంతంలో మొదలైంది. మహమూద్ గజనీ గ్వాలియరు, కాలంజరం మీదికి వెళ్ళిందీ 413లోనే. హిజ్రీకి ఏదో ఒక స్థిరసంఖ్య కలిపి తేల్చాలని చూసేవాళ్ళు దెబ్బతింటారు. చాంద్రసంవత్సరం 354 రోజులే, అధికమాసం లేదు, 33 చాంద్రసంవత్సరాలు దాదాపు 32 సౌరసంవత్సరాలతో సమానం. 1022 లోంచి 622 తీసి 33తో హెచ్చవేసి 32తో భాగిస్తే 412 చిల్లర వస్తుంది, అంటే 413వ ఏడు నడుస్తోంది. ఇక్కడా మళ్ళీ నిండినదీ నడుస్తున్నదీ గొడవే.

ఇలా ఒకే ఏటిని అన్ని శకాల్లోకీ మార్చి చూపించిన పని అప్పట్లోనే ఒకాయన చేశాడు. అల్ బీరూనీ భారతదేశం మీద రాసిన గ్రంథంలో కొలతబద్దగా ఒక సంవత్సరాన్ని ఎంచుకున్నాడు: పారశీకుల యజ్దగర్ద్ శకం 400. దానికి సాటిగా శక 953, విక్రమ 1088, వలభీ గుప్త శకం 712 అని పక్కపక్కన పెట్టాడు. మన దుందుభికి సరిగ్గా తొమ్మిదేళ్ళ తర్వాత. ఆయన లెక్కను అడ్డుపెట్టుకుని ఒక్కొక్క దాంట్లోంచీ తొమ్మిది తీసేస్తే 944కి సాటి విక్రమ 1079, గుప్త 703. గుప్తుల శాసనాల కాలం తేల్చడంలో ఆ పట్టిక పెద్ద దిక్కయింది. శకాలకు స్థిరమైన తేడా ఉంటుంది కాబట్టి ఒక్క నమ్మకమైన సాటి దొరికితే చాలు, మొత్తం దారం చేతికొస్తుంది.

మిగతావి గబగబా. కలియుగాబ్దం 4123 నిండింది. బైజాంటియంలో సృష్ట్యాది 6530, అక్కడ కొత్త ఏడు సెప్టెంబరు 1న, కాబట్టి రెండు వారాల్లో 6531. యూదులకు 4782. కేరళవారి కొల్లం లెక్కలో ఆ రోజుకు రెండు సంవత్సరాలున్నాయి: దక్షిణ కేరళలో ఏడు సింహంతో మొదలవుతుంది, అక్కడ 198 వచ్చేసింది, ఉత్తర కేరళలో కన్యతో మొదలు, అక్కడ ఇంకా 197. ఐరోపా క్రీస్తుశకంలోనూ ఇంతే. మార్చి 25న ఏడు మొదలుపెట్టే పీసా లెక్కలో ఆ ఆగస్టు 1023, పక్కనున్న ఫ్లోరెన్సు లెక్కలో 1022. నిండినది, నడుస్తున్నది అన్న గందరగోళం మన ఒక్కళ్ళదేనని నవ్వేవాళ్ళకు పీసా పేరు చెప్పొచ్చు.

ఇప్పటి అడంగళ్ళలో కనిపించే ఫసలీని కూడా ఈ జాబితాలో కలపాలని కొందరికి సరదా. జూలై 1 నుంచి జూన్ 30 దాకా ఫసలీ, క్రీస్తుశకంలోంచి 590 తీసేస్తే వస్తుంది, 2024 జూలైలో మొదలైనది 1434. ఆ ప్రకారం 1022 ఆగస్టు ఫసలీ 432. లెక్క సరే, కానీ ఫసలీ పుట్టింది అక్బరు కాలంలో. 1022లో ఎవరూ ఆ అంకె రాయలేదు, రాసే వీలే లేదు. ఆనాడు నిజంగా రాసుకున్న లెక్కనూ ఈనాడు వెనక్కి సాగదీసిన లెక్కనూ ఒకే పట్టికలో కలిపెయ్యకూడదు. ఆ మాటకొస్తే డెల్టాలో 1022 అన్నదీ వెనక్కి సాగదీసిన అంకే.

ద్రాక్షారామం రాతి శాసనాలు చదివేవాళ్ళకు ఒక హెచ్చరిక. అక్కడ దానాలు చాలావరకు ఉత్తరాయణ సంక్రాంతి నిమిత్తంగా ఇచ్చినవి. శకవర్షం ఉంటుంది, సంక్రాంతి ఉంటుంది. సంక్రాంతి అనగానే మన మనసుకు జనవరి 14 తోస్తుంది, జనవరి కాబట్టి శకానికి 79 కలిపేస్తాం. అది తప్పు. 1022లో మకర సంక్రాంతి డిసెంబరు 24 ప్రాంతంలో వచ్చింది. ఆ శతాబ్దంలోనూ తర్వాతి శతాబ్దంలోనూ నిండిన శకం చెప్పిన సంక్రాంతి దానాలకు 78 కలపాలి, తేదీ డిసెంబరు చివరి వారంలో పడాలి. ఫాల్గుణంలో ఇచ్చిన దానాలకు మాత్రం 79 కావాలి, అప్పటికి క్రీస్తుశకంలో కొత్త ఏడు వచ్చేసి ఉంటుంది. ఒకే గోడ మీద, ఒకే శకవర్షంలో, ఒక దానం 1022దీ ఇంకోటి 1023దీ కావడంలో వింతేం లేదు.

రాజ్యవర్షాల లెక్క ఇంకోటి. తంజావూరు వైపు ఆ ఆగస్టు రాజేంద్రచోళుడి 11వ ఏడు. వేంగిలో అది రాజరాజు మొదటి ఏటి మొదటి రోజు. ఇక్కడ నందంపూడి శాసనం పనికొస్తుంది. నారాయణభట్టుకు అగ్రహారమిచ్చిన ఆ దానం 32వ రాజ్యవర్షంలో చంద్రగ్రహణ సమయంలో జరిగింది. 1022 ఆగస్టు నుంచి లెక్కపెడితే 32వ ఏడు 1053 ఆగస్టులో మొదలవుతుంది, గ్రహణం 1053 నవంబరు 28. సముద్రాలు ఏడనుకుని పట్టాభిషేకాన్ని 1052కి జరిపితే ఈ గ్రహణం రెండో ఏట పడుతుంది, 32 ఎక్కణ్ణుంచీ రాదు.

అయినా ఒక ముడి మిగిలే ఉంది. విమలాదిత్యుడు 1011లో పట్టం కట్టుకుని ఏడేళ్ళు ఏలాడని శాసనాలు చెప్తాయి, అంటే 1018. కొడుకు పట్టాభిషేకం 1022. మధ్యలో నాలుగేళ్ళు. సవతి తమ్ముడు విజయాదిత్యుడితో పోరు ఆ ఖాళీకి కారణమని చరిత్రకారులు చెప్పేది. తర్వాతి వంశావళులు ఆ ఖాళీని ఒప్పుకోవు, రాజరాజు 41 ఏళ్ళు ఏలాడని ఒక్క మాటతో దాటిపోతాయి. ఆ 41ని ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి? 1022 నుంచయితే ముగింపు 1063. తండ్రి పాలన ముగిసిన 1018 నుంచయితే 1059. పుస్తకాల్లో 1061 అనీ 1063 అనీ రెండు ముగింపులు కనిపించడానికి ఇలాంటి ఎంపికలే కారణం కావచ్చు. పట్టాభిషేకం తేదీకి ఏడు వివరాలిచ్చిన వాళ్ళు మరణానికి ఒక్క తిథి కూడా ఇవ్వలేదు. శుభకార్యానికి ముహూర్తం చూస్తారు గానీ చావుకి ఎవరు చూస్తారు?

చివరిగా వెయ్యేళ్ళ పండగ సంగతి. 2022లో దీన్ని ఏ రోజున లెక్కపెట్టాలి అన్నదానికి నాలుగు జవాబులున్నాయి. క్యాలెండరు తేదీ చూస్తే ఆగస్టు 16. కానీ 1022 నాటి ఆగస్టు 16 జూలియన్ పద్ధతిది, ఇప్పుడు మనం వాడే గ్రెగోరియన్ లెక్కను అప్పటిదాకా వెనక్కి పొడిగిస్తే ఆరు రోజులు కలపాలి, అది ఆగస్టు 22. ఒకే సంఘటనకు ఈ రెండు తేదీలూ కనిపిస్తే ఒకటి అబద్ధమని కొట్టేయక్కర్లేదు, ఏ పద్ధతో పక్కన రాస్తే చాలు. సూర్యుడు నక్షత్రాల మధ్య అదే చోటికి, సింహంలో ఇరవయ్యో డిగ్రీ దగ్గరికి, తిరిగి వచ్చేది సెప్టెంబరు 6 ప్రాంతంలో. మన పంచాంగం ఋతువుల్ని కాకుండా నక్షత్రాల్ని పట్టుకుని నడుస్తుంది కాబట్టి వెయ్యేళ్ళలో రెండు వారాలు జరిగింది, సంక్రాంతి డిసెంబరు నుంచి జనవరికి వచ్చిందీ జూలై సింహ సంక్రమణం ఆగస్టుకు వచ్చిందీ ఆ రెండు వారాలకు పైన చెప్పిన ఆరు రోజులూ కలవడం వల్లే. ఇక తిథి ప్రకారం భాద్రపద బహుళ విదియ 2022 సెప్టెంబరు 12. నా ఓటు దీనికి. శాసనంలో ఉన్నవాటిలో ఎక్కువ కలిసొచ్చే రోజు అదే: సూర్యుడు సింహంలో, బహుళ విదియ, తెల్లవారేసరికి చంద్రుడు ఉత్తరాభాద్ర చివర్లో. కలవనివి రెండు. ఆ రోజు సోమవారం. తులా లగ్నం లేచే వేళకు రేవతి వచ్చేసింది. సంవత్సరం పేరూ వేరే, అది శుభకృత్. అరవైకి వెయ్యి తెగదు, నలభై మిగులుతుంది. దుందుభి మళ్ళీ వచ్చేది 2042 ఉగాదికి.